ట్యాగు మీద ఆకు బొమ్మ వేస్తే చాలా?

ప్రశ్న: మాది కృష్ణా జిల్లా పెడన. నాన్నగారి కాలం నుంచి కలంకారీ అచ్చు అద్దకం మా పని. రెండేళ్ళుగా నేను ఇన్‌స్టాగ్రామ్‌లో దుపట్టాలు, చీరలు, కుర్తీ బట్ట అమ్ముతున్నాను. కొనేవాళ్ళలో ఎక్కువమంది కాలేజీ పిల్లలు, కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్ళు. పేజీ మీద ‘ఎకో ఫ్రెండ్లీ, 100% నేచురల్’ అని పెట్టుకున్నాను. ఈ మధ్య ఒకమ్మాయి మా పార్సిల్ ఫొటో పెట్టి, ‘నేచురల్ బట్టకి ఇన్ని ప్లాస్టిక్ కవర్లా? ఇంతకీ ఆ ఎరుపు కూడా నేచురలేనా?’ అని కామెంట్ రాసింది. ఏం చెప్పాలో తోచక ఊరుకున్నాను. ఇదిలా ఉంటే ఒక ఏజెన్సీ వాళ్ళు పచ్చ ఆకు లోగో, కొత్త ట్యాగ్‌లైన్, ‘ఆర్డరుకో మొక్క’ ప్రచారం అన్నీ కలిపి లక్షన్నర అడుగుతున్నారు. పెట్టమంటారా? – పేరు వద్దన్నారు, పెడన

సమాధానం: ఆ లక్షన్నర ఇప్పుడు పెట్టకండి. ముందు ఆ అమ్మాయి అడిగిన రెండు ప్రశ్నలకు జవాబు తయారు చేసుకోండి. ఆమె డబ్బు కట్టి కొంది, పార్సిల్ విప్పి శ్రద్ధగా చూసింది, అనుమానం వస్తే అందరి ముందూ అడిగింది. అనుమానం వచ్చినా అడగకుండా పేజీ వదిలేసి వెళ్ళినవాళ్ళు ఎందరో మీకు తెలియదు. ఈ వయసువాళ్ళు, మీరు చెప్పిన మాటను ఫోనులో వెతికి సరిచూసుకుంటారు, స్క్రీన్‌షాట్ తీసి దాచుకుంటారు, నలుగురికీ పంపుతారు. మీ మాట వాళ్ళ వెతుకులాటకు నిలబడితే ఆ స్క్రీన్‌షాటే మీకు ప్రచారం. నిలబడకపోతే ఎంత మంచి లోగో వేసినా ఆగదు.

ముందు ఎరుపు సంగతి. పెడనలో చాలా యూనిట్లలో ఎరుపుకి వాడేది ఫ్యాక్టరీలో తయారైన అలిజరిన్ అనే రంగు. మీరూ అదే వాడుతుంటే ‘100% నేచురల్’ అన్నమాట తప్పు. ఒకప్పుడు మన తీరంలో ఎరుపు చిరివేరు అనే మొక్క వేరు నుంచి వచ్చేది. ఆ వేరులో ఉండే రంగు పదార్థమే అలిజరిన్. 1868లో జర్మనీ రసాయన శాస్త్రవేత్తలు గ్రేబే, లీబర్‌మన్ దాన్ని బొగ్గు తారు నుంచి వచ్చే ఆంత్రసీన్ అనే పదార్థంతో తయారు చేశారు. అప్పటినుంచి ఫ్యాక్టరీ అలిజరిన్ వేరు రంగు స్థానంలోకి వచ్చేసింది. పదార్థం ఒకటే, పుట్టుక వేరు. ఈ రెండు ముక్కలూ ఉన్నవి ఉన్నట్టు చెబితే కొనేవాళ్ళు అర్థం చేసుకుంటారు. చెప్పకుండా దాస్తే, వాళ్ళే కనుక్కున్న రోజున మీ నలుపునూ పసుపునూ కూడా నమ్మరు.

అందుకని ఒక సాయంత్రం కూర్చుని, ఒక్క దుపట్టా ఎలా తయారవుతుందో మొదటినుంచి చివరిదాకా రాయండి. బట్ట ఎక్కడ కొన్నారు, బిల్లులో ఏమని ఉంది? మిల్లు కేంబ్రిక్ (మిల్లులో నేసిన నూలు బట్ట) అయితే దాన్ని చేనేత అనకూడదు. అచ్చు చేత్తో వేసినంత మాత్రాన బట్ట చేనేత అయిపోదు. ‘ఆర్గానిక్ కాటన్’ అనాలంటే దానికి ధ్రువపత్రం కావాలి. గాట్స్ అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం బట్టలో కనీసం 95 శాతం ఆర్గానిక్ నూలు ఉంటేనే ‘ఆర్గానిక్’ అని, కనీసం 70 శాతం ఉంటే ‘ఆర్గానిక్ నూలుతో చేసింది’ అని రాసుకోనిస్తారు. పత్తి పండించినవాడి దగ్గర్నుంచి అద్దకం దాకా ప్రతి అంచెకూ పత్రం ఉండాలి. మీ దగ్గర అది లేకపోతే ఆ మాట వదిలేయండి. బట్టను తెల్లగా చేయడానికి బ్లీచింగ్ పౌడర్ వాడుతున్నారా, పెరాక్సైడ్ వాడుతున్నారా? తర్వాత కరక్కాయ నీళ్ళు. తుప్పు పట్టిన ఇనుమూ బెల్లమూ నీళ్ళలో రోజుల తరబడి ఊరబెట్టి చేసుకున్న నలుపు. ఎరుపు పట్టడానికి పటిక అచ్చు, కాలువలో జాడింపు, కాగులో ఎరుపు ఉడుకు. పసుపు రంగు దానిమ్మ తొక్కదా, కరక్కాయ పువ్వుదా? నీలం నీలిమందేనా, లేక డబ్బాలో వచ్చిన రంగా? కొన్ని డిజైన్లు అచ్చుతో కాక స్క్రీన్ ప్రింటింగ్‌తో వేస్తుంటే అవి ఏవి?

ఈ కాగితం రాశాక ట్యాగు దానంతటదే వస్తుంది. ఉదాహరణకు ఇలా: ‘బట్ట: మిల్లు నూలు కేంబ్రిక్, చేనేత కాదు. నలుపు: ఇనుము, బెల్లం, కరక్కాయ. ఎరుపు: పటిక మీద అలిజరిన్, ఇది ఫ్యాక్టరీ రంగు. పసుపు: దానిమ్మ తొక్క. అచ్చు: టేకు అచ్చులతో చేత్తో వేసింది, పెడన. బ్యాచ్ 14.’ కింద చిన్న క్యూఆర్ కోడ్. దాన్ని స్కాన్ చేస్తే ఆ బ్యాచ్ పేజీ తెరుచుకోవాలి. అందులో తేదీ, బట్ట బిల్లు ఫొటో (ధర, ఎదుటివారి ఫోను నంబరు కనపడకుండా), ఎన్ని మీటర్లు అద్దారు, ఎన్ని లీటర్ల నీళ్ళు పట్టాయి, ఇంకా ఏది సరిచేసుకోలేదు అన్నవి ఉండాలి. ఈ చివరిది తప్పకుండా పెట్టండి. ‘ఎరుపుకి మంజిష్ఠ వేరుతో ప్రయత్నిస్తున్నాం, ఉతుకులో ఇంకా నిలవడం లేదు’ అని మీరే రాస్తే ఇంకెవరూ మిమ్మల్ని పట్టుకోవడానికేమీ మిగలదు. చదివినవాళ్ళు ఆ ప్రయత్నం ఏమైందో చూడ్డానికి మళ్ళీ వస్తారు కూడా.

‘మచిలీపట్నం కలంకారీ’కి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉంది. ఆ గుర్తు ట్యాగు మీద వేసుకోవాలంటే మీరు అధీకృత వినియోగదారుగా, అంటే ఆ గుర్తు వాడుకునే హక్కున్నవారిగా నమోదై ఉండాలి. పెడనలో పుట్టి పెరిగినా ఆ నమోదు లేకుండా గుర్తు వాడకండి. మీ ఊళ్ళో ఇప్పటికే నమోదైనవాళ్ళను అడిగితే పని ఎలా జరుగుతుందో చెబుతారు.

ఇక చట్టం. 2024 అక్టోబర్ 15న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ పర్యావరణం పేరుతో చేసే ప్రచారం మీదే మార్గదర్శకాలు ఇచ్చింది. ‘గ్రీన్’, ‘ఎకో ఫ్రెండ్లీ’, ‘సస్టెయినబుల్’, ‘ప్యూర్’, ‘గుడ్ ఫర్ ది ప్లానెట్’ లాంటి మాటలు వాడితే ఏ ఉద్దేశంతో అంటున్నారో పక్కనే చెప్పాలి, రుజువు చూపాలి. ‘100% నేచురల్’, ‘నాన్ టాక్సిక్’, ‘కంపోస్టబుల్’ లాంటి వాటికి ధ్రువపత్రమో, నమ్మదగిన శాస్త్రీయ ఆధారమో, సరిచూడగలిగే సొంత రికార్డో ఉండాలి. మీరు చెప్పేది వస్తువు గురించా, ప్యాకింగ్ గురించా, తయారీ గురించా అన్నదీ స్పష్టంగా ఉండాలి. వివరాలు క్యూఆర్ కోడ్ ద్వారా ఇవ్వవచ్చు. తయారీదారు, అమ్మకందారు, ప్రకటనల ఏజెన్సీ అందరికీ ఇవి వర్తిస్తాయి. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మొదటిసారి రూ. 10 లక్షల దాకా, మళ్ళీ చేస్తే రూ. 50 లక్షల దాకా జరిమానా వేయవచ్చు. కొన్నవాళ్ళెవరైనా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వవచ్చు. భయపెట్టడానికి చెప్పడం లేదు. పైన చెప్పిన కాగితం, బ్యాచ్ పేజీ మీ దగ్గరుంటే చట్టం అడిగే సొంత రికార్డు అదే.

ఇక్కడే ఇంకో మాట. ‘ఆజో ఫ్రీ’ (ఆజో అనే రకం రసాయన రంగులు వాడలేదు) అని గొప్పగా రాసుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. హానికరమైన ఆజో రంగులు మన దేశంలో 1990ల నుంచే నిషేధంలో ఉన్నాయి. చట్టం వద్దన్నది చేయకపోవడాన్ని ప్రత్యేకతగా చెప్పుకుంటే, విషయం తెలిసిన కుర్రవాళ్ళు వెంటనే పట్టేస్తారు. ‘కెమికల్ ఫ్రీ’ కూడా అంతే. పటికా రసాయనమే, సున్నమూ రసాయనమే.

ప్యాకింగ్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే కొనేవాళ్ళు మీ చేతిపని కన్నా ముందు చూసేది దాన్నే. ఒక దుపట్టాకు మీరు ఇప్పుడు ఎన్ని పొరలు వాడుతున్నారో లెక్క పెట్టండి. సాధారణంగా లోపల పారదర్శక కవరు, దాని మీద బబుల్ ర్యాప్, పైన కొరియర్ కవరు, చుట్టూ ప్లాస్టిక్ టేపు. బట్ట పగలదు కదా, బబుల్ ర్యాప్ దేనికి? దాన్ని ఈ రోజే ఆపేయండి. లోపలి కవరు బదులు అచ్చు తప్పిన బట్టతో కుట్టించిన సంచి పెట్టండి, లేదా పలచని కాగితంలో చుట్టండి. పైకి మందపాటి గోధుమరంగు కాగితం కవరు, కాగితం టేపు.

అయితే తొందరపడి ఒక్కసారే వెయ్యి కాగితం కవర్లు కొనకండి. వానాకాలంలో కొరియర్ సంచి తడుస్తుంది, కాగితం నాని చిరుగుతుంది. మొదటి ఉతుకు కాని అచ్చు బట్టకు తడి తగిలితే నలుపు పక్క మడతకు అంటుకుంటుంది. ఆ బట్ట వెనక్కి వస్తే, మళ్ళీ ఒకటి పంపిస్తే, ఒక కవరు మిగుల్చుకోబోయి రెండు ప్రయాణాల డీజిల్ కాల్చినట్టు. ముందు 20 పార్సిళ్ళు వేర్వేరు ఊళ్ళకు పంపి, అందుకున్నవాళ్ళను ఫొటో పెట్టమనండి. ఎన్ని చిరిగాయో చూశాక నిర్ణయించుకోండి. జూన్ నుంచి నవంబర్ దాకా ఒక ప్లాస్టిక్ పొర తప్పదనిపిస్తే, మీ దగ్గరికి వచ్చిన పార్సిళ్ళ కవర్లే తిరగేసి వాడండి, వాడుతున్నామని దాని మీద రాయండి.

రెండు వస్తువుల దగ్గర చాలామంది మోసపోతున్నారు. గుడ్డలా కనపడే నాన్ ఓవెన్ సంచి గుడ్డ కాదు, అది పాలిప్రొపిలీన్ అనే ప్లాస్టిక్. నాలుగుసార్లు వాడాక పొడిపొడిగా రాలుతుంది. పచ్చగా ముద్రించి ‘బయోడిగ్రేడబుల్’ అని అమ్మే కవర్లు రెండోది. కంపోస్ట్ అయ్యే ప్లాస్టిక్‌కు ఐఎస్/ఐఎస్‌ఓ 17088 ప్రమాణం ఉంది, అమ్మేవాడి దగ్గర కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన ధ్రువపత్రం ఉండాలి. అది చూపమని అడగండి. పత్రం ఉన్నా, ఆ కవరు పరిశ్రమ స్థాయి కంపోస్ట్ కేంద్రంలో, సుమారు 58 డిగ్రీల వేడిలో కుళ్ళేలా పరీక్షించింది. పెరట్లో పాతిపెడితే నెలల తరబడి అలాగే ఉండవచ్చు. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉండే అమ్మాయి దాన్ని ఏం చేస్తుంది? మామూలు చెత్తలో వేస్తుంది. కాబట్టి ఆ ఖరీదైన కవరు కన్నా కాగితమే మేలు.

పర్యావరణం మీద మీ పని వేసే అసలు బరువు నీళ్ళ దగ్గర ఉంది. కలంకారీకి నీళ్ళు బాగా పడతాయి, పటిక జాడించడానికి పారే నీరే కావాలి. పర్యావరణం గురించి నిజంగా ఆలోచించే కుర్రవాళ్ళు ఈ ప్రశ్న రేపో మాపో వేస్తారు. అందుకని మీ పంపు దగ్గర ఒక వాటర్ మీటర్ బిగించండి, ఇళ్ళ కుళాయిలకు పెట్టేదే చాలు. ప్రతి బ్యాచ్ ముందూ వెనకా రీడింగ్ పుస్తకంలో రాయండి. 40 మీటర్ల బట్టకు వాటర్ మీటర్ 3,200 లీటర్లు తిరిగిందనుకోండి, మీటరు బట్టకు 80 లీటర్లన్నమాట. జాడింపు కాలువలో అయితే ఆ నీరు మీటరులోకి రాదు, ఆ సంగతీ పేజీలో రాయాలి.

వదిలే నీళ్ళ విషయానికొస్తే, పటిక నీళ్ళు పుల్లగా, అంటే ఆమ్లంగా ఉంటాయి. మొదటి జాడింపు మటుకు తొట్టిలో చేసి, ఆ నీటిలో తడి సున్నం కొంచెం కొంచెంగా కలుపుతూ, ఆమ్లం ఎంతుందో చూపే పీహెచ్ కాగితంతో చూస్తూ ఉండండి. 7 దగ్గరికి వచ్చాక ఆపి రాత్రంతా వదిలేస్తే తెల్లటి మడ్డి అడుగుకు దిగుతుంది, పై నీరు తేటపడుతుంది. సున్నం ఎక్కువై 9 దాటితే అడుగుకు దిగిన అల్యూమినియం మళ్ళీ నీళ్ళలో కరిగిపోతుంది, చేసిన పని వృథా. అందుకే గుప్పెళ్ళతో వేయకూడదు. ఎరుపు ఉడికించిన కాగు నీటిని ఈ తొట్టిలో కలపకండి, దాన్ని విడిగా ఉంచి ఏడాదికి రెండుసార్లయినా గుర్తింపు పొందిన ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. వాగులూ కాలువల్లోకి వదిలే నీటికి సాధారణ ప్రమాణం పీహెచ్ 5.5 నుంచి 9; నీటిలోని మలినాన్ని కొలిచే లెక్కల్లో సీఓడీ లీటరుకు 250 మిల్లీగ్రాములు, బీఓడీ 30 మిల్లీగ్రాములు మించకూడదు. ఫలితం బాగుంటే పేజీలో పెట్టండి. బాగా లేకపోతే ఏం మార్చబోతున్నారో రాసి, మార్చాక మళ్ళీ పరీక్షించి రెండూ పక్కపక్కనే పెట్టండి.

ఇప్పుడు ‘ఆర్డరుకో మొక్క’ ఎందుకు వద్దంటున్నామో తేలికగా అర్థమవుతుంది. మొక్క నాటడం మంచి పనే. కానీ ఎక్కడ నాటారు, ఏ జాతి, రెండు వేసవులు నీళ్ళెవరు పోశారు, ఎన్ని బతికాయి? ఈ నాలుగూ మీరు చూపలేరు, ఆ ఏజెన్సీ కూడా ఆ భారం నెత్తిన వేసుకోదు. పైగా మీ పని వల్ల జరిగే నష్టం నీళ్ళలో ఉంటే మందు చెట్లలో వెతకడం సరికాదు. మొక్కకు పెట్టే డబ్బు తొట్టికీ పరీక్షలకూ పెట్టండి. ఆకు లోగో ఒక్కటే తప్పు కాదు గానీ, పక్కన వివరం లేని ఆకు బొమ్మ లేని గొప్పను సూచిస్తుంది. అచ్చు చెక్కే చెయ్యి మీ ఊళ్ళోనే ఉంది, మీ పాత అచ్చుల్లోంచి ఒక పువ్వు తీసుకుంటే అదే మీ గుర్తు.

ఇన్‌ఫ్లుయెన్సర్లకు దుపట్టా ఉచితంగా పంపినా అది లావాదేవీయే. వాళ్ళు ఆ సంగతి పోస్టులో స్పష్టంగా చెప్పాలని నిబంధన ఉంది. చెప్పమని మీరే ముందుగా రాతపూర్వకంగా అడగండి.

వీడియోలకు ఏజెన్సీ అవసరం లేదు. కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరేసిన లేత పసుపు బట్ట మీద ఇనుప నీళ్ళ అచ్చు పడగానే గీతలు కళ్ళముందే నల్లబడతాయి. ఫోను దగ్గరగా పట్టి, సంగీతం పెట్టకుండా, అచ్చు మీద అరచేత్తో కొట్టిన చప్పుడుతో పదిహేను సెకన్లు తీయండి. కింద ఒక్క వాక్యం చాలు: ‘కరక్కాయలోని వగరు (టానిన్), ఇనుము కలిస్తే నలుపు’. అచ్చు జరిగి రెండు గీతలు పడిన బట్టనూ చూపండి. అది పారేయకుండా, లోపం ఎక్కడుందో చుట్టి ఫొటో తీసి తక్కువ ధరకు పెట్టండి. అందరు పిల్లల దగ్గరా 1,800 రూపాయల దుపట్టా కొనే డబ్బుండదు. పర్యావరణం మీద ప్రేమ ఉన్నంత మాత్రాన జేబు పెద్దది కాదు. ముక్కలతో పర్సులు, పుస్తకాల అట్టలు, జేబురుమాళ్ళు చేస్తే వాళ్ళు మీ దగ్గర మొదలుపెట్టడానికి ఒక మెట్టు ఉంటుంది. ధరలో అచ్చు వేసినవారికి మీటరుకు ఎంత ఇచ్చారో కూడా రాయగలిగితే రాయండి, వాళ్ళ పేర్లూ ముఖాలూ మాత్రం వాళ్ళు ఒప్పుకుంటేనే.

రోజుకో కొత్త డిజైన్ పెట్టడం, పండక్కి 60 శాతం తగ్గింపు ఇవ్వడం మీకు సరిపడవు. ‘తక్కువ కొనండి, ఎక్కువకాలం వాడండి’ అని నమ్మే వయసువాళ్ళకు అవి రెండు నాలుకల మాటలా వినిపిస్తాయి. నెలకు రెండు బ్యాచ్‌లు, ముందస్తు ఆర్డరు తీసుకుని అద్దండి. మిగిలిపోయే సరుకు తగ్గుతుంది, మీ పెట్టుబడీ ఇరుక్కోదు.

ప్రతి బట్టతో అరచేయంత కాగితం మీద ఉతుకు సూచనలు పంపండి. మొదటి రెండుసార్లు విడిగా, చల్లటి నీళ్ళలో. కుంకుడు రసం గానీ తేలికపాటి ద్రవ సబ్బు గానీ వాడాలి. సోడా ఎక్కువున్న పొడి వాడితే రంగులు మారతాయి. నీడలో తిరగేసి ఆరేయాలి, ఎండకు పసుపు వెలిసిపోతుంది. నిమ్మరసం, చింతపండు పులుసు పడనివ్వొద్దు. పులుపు ఇనుప నలుపును కరిగించి అక్కడ గోధుమరంగు మచ్చ మిగులుస్తుంది. ఈ చివరి మాట చాలామంది అమ్మకందారులు చెప్పరు. పెళ్ళి భోజనంలో పచ్చిపులుసు ఒలికిన రోజున మీ కాగితం గుర్తొస్తుంది, మీ మీద కోపం రాదు.

ఇక ఆ కామెంట్. అది తొలగించకండి. ముందుగా పేజీ మీది ‘100% నేచురల్’ తీసేయండి, బబుల్ ర్యాప్, లోపలి కవరు ఆపేయండి, 20 పార్సిళ్ళ పరీక్ష పూర్తిచేయండి. ఆ పనులయ్యాకే, ఆమె కామెంట్ కిందనే, అందరికీ కనపడేలా రాయండి: ‘మీరు అడిగింది నిజమే అండీ. ఎరుపు అలిజరిన్, ఫ్యాక్టరీలో తయారైన రంగు. 100% నేచురల్ అని రాయడం మా తప్పు, తీసేశాం. నలుపు, పసుపు మటుకు ఇనుము, కరక్కాయ, దానిమ్మ తొక్కతో చేసినవే. బబుల్ ర్యాప్, లోపలి కవరు ఆపేశాం. వానాకాలంలో మటుకు ఒక పాత కవరు తిరిగి వాడుతున్నాం. ఏ బ్యాచ్‌లో ఏ రంగు వాడామో ఇకనుంచి ట్యాగు మీదే ఉంటుంది. ఆలస్యంగా జవాబిస్తున్నందుకు క్షమించండి.’ మీ బట్టలో పసుపు దానిమ్మది కాకపోతే ఆ మాట మార్చి రాయండి.